మూడో వెలుతురు

మా మందుల షాపుకు ఈమధ్య కాలేజీ అమ్మాయిలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. తలనొప్పి మాత్రలకు కాదు, దగ్గు మందుకూ కాదు. "ఆంటీ, ముఖానికి కొట్టుకునే స్ప్రే ఉందా?" అంటూ వస్తున్నారు. ముఖం అప్పుడే కడుక్కుని, తుడుచుకోవడం మర్చిపోయినట్టుగా ఉండాలట. దానికి 'తడి ముఖం' అని ఓ పేరు కూడా పెట్టారు. రెండేళ్ల కిందట ఇదే పిల్లలు ముక్కు మీద కాస్త మెరుపు కనిపిస్తే చాలు, కొంప మునిగినట్టు టిష్యూతో అద్దుకునేవారు. ఈ ఫ్యాషన్ ఎక్కడో దూరాన, ఏ మహామేధావి బుర్రలోనో పుట్టి మా ఊరికి వచ్చిందని వాళ్ల నమ్మకం. నేను నవ్వి డబ్బా చేతికిస్తాను. మా ఊళ్లో అది పుట్టింది మా తోడికోడలు చేసిన తప్పులోంచి. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, చేతిలో దూది ఉండలు పట్టుకుని.

తోడికోడలంటే మావారి అన్నగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. కింది వాటాలో వాళ్లు, పై వాటాలో మేము, మధ్యలో మెట్ల మీద కుర్చీ వేసుకుని మా మావయ్య. పైకి పోవాలన్నా కిందికి దిగాలన్నా ఆయనకు జవాబు చెప్పుకుని కదలాల్సిందే. ఆయన నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాసిన మనిషి. ఈ చుట్టుపక్కల సగం దుకాణాల మీద అక్షరాలు ఆయనవే. నా షాపు బోర్డు కూడా ఆయనే రాశారు. అందులో 'మందులు' అన్న మాట మిగతావాటికంటే పెద్దగా ఎందుకుందని అడిగితే, "జ్వరంతో వచ్చేవాడికి కళ్లు తిరుగుతుంటాయి కదమ్మా" అన్నారు.

అక్క ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన దగ్గరే రంగులు కలపడం నేర్చుకుంది. నేర్పాలని ఆయన నేర్పలేదు, నేర్చుకోవాలని ఈమె నేర్చుకోలేదు. బ్రష్షులు కడిగిపెట్టే పని ఈమెది. కడుగుతూ కడుగుతూ చూసేది. రంగును డబ్బాలో చూసి నమ్మకూడదని, గోడ మీద పూసి ఒకసారి ఎండలో, ఒకసారి దీపం వెలుతురులో చూడాలని ఆయన పద్ధతి. రెండు వెలుతుర్లలోనూ నిలిచిన రంగే రంగు. అక్కకి ఆ పాఠం ఒంట్లో ఇంకిపోయింది. తర్వాత మూడు కుర్చీల బ్యూటీ పార్లర్లో కనుబొమలు దిద్దే పనికి చేరినప్పుడు కూడా, ముఖానికి ఏదైనా పూస్తే ఆ మనిషిని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చి ఎండలో చూసేది. వీధిలో పోయేవాళ్లంతా ఆగి చూసేవారు. పార్లర్ ఓనరమ్మ తల పట్టుకునేది.

ఆ గుమ్మంలోనే ఆమె మాస్టారి కంట్లో పడింది. మాస్టారంటే ఫ్యాషన్ షోలకి మేకప్ చేసే పెద్ద ఆర్టిస్టు. దారిన పోతూ ఈ తతంగం చూసి, మర్నాడే తన దగ్గర అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. ఆయన వెనక పన్నెండేళ్లు నిలబడింది అక్క. స్పాంజీలు కడిగింది, పెదవులు గీసింది, వంద మంది ముఖాలకి వంద రకాల రంగు కలిపింది. ఫౌండేషన్ సీసాల మీద కంపెనీవాళ్లు రాసే అంకెల్ని ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. అమ్మాయి దవడ కింద మెడ పక్కన మూడు చుక్కలు పెట్టి, వాటిల్లో ఏది చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతే అదే తీసుకునేది. నల్లటి అమ్మాయిలకి బజారులో దొరికే రంగు బూడిద పూసినట్టుంటే, అందులో ఇటుక ఎరుపు చుక్క కలిపి ప్రాణం పోసేది. మోడల్ పిల్లలు మాస్టారి కుర్చీ ఖాళీగా ఉన్నా ఈమె కుర్చీ దగ్గర వరుస కట్టేవారు. పేరు మాత్రం మాస్టారిదే. ఆయన చెడ్డవాడని చెప్పను. అసిస్టెంటుకి పేరుంటుందన్న సంగతి ఆయనకి తోచలేదు, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఇంట్లో మావయ్య ధోరణి ఇంకోటి. "నా అక్షరం గోడెక్కితే ఇరవై ఏళ్లు దిగదు. నీ పని సబ్బు ముక్క కనబడితే పారిపోతుంది. దీనికింత హడావుడా అమ్మా?" అని రోజూ వేళాకోళం. అక్క నవ్వేసేది. నవ్వేసి వంటింట్లోకి వచ్చాక గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

ఇంతలో, ఓ పెద్ద ఫ్యాషన్ షోకి పది రోజులుందనగా మాస్టారికి నడుం పట్టేసింది. మంచం మీంచి కదలలేని పరిస్థితి. షో నడిపే ఆవిడ, మేం షో మేడమ్ అనుకుంటాం, అక్కని పిలిపించింది. ఆవిడ మాటలో డొంకతిరుగుడు ఉండదు.

"ఈ ఒక్క షోకి మీరే హెడ్డు. బాగొస్తే వచ్చే సీజన్‌లో నాలుగు షోలూ మీవే. తేడా వస్తే మాత్రం నా దగ్గర్నుంచి ఇంక ఫోన్ రాదు. ముందే చెప్తున్నా."

అక్కకి నలభై నాలుగేళ్లు. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఇంకో పన్నెండేళ్లు ఎవరి వెనకో నిలబడే ఓపిక లేదు. ఇది పోతే మళ్లీ ఆ మూడు కుర్చీల పార్లరే గతి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. మెట్ల మీది మావయ్యకి తెలుసో లేదో తెలియదు.

షో రోజు ఉదయం అసిస్టెంట్లలో ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. మిగిలింది ఇద్దరు. "చెల్లీ, నువ్వు రావే. దూది అందించడానికి డిగ్రీ అక్కర్లేదు" అంది అక్క. ఫార్మసీ చదివిన మనిషిని పట్టుకుని అన్న మాట అది. అయినా షాపు మూసేసి వెళ్లాను.

హాలు వెనక మేకప్ గది పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంది. ఒక వైపంతా అద్దాలు, వాటి చుట్టూ బల్బులు, రెండో వైపు బట్టలు వేలాడదీసిన కమ్మీలు. ఇరవై ఇద్దరు మోడల్ పిల్లలు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. అది మాస్టారు పెట్టిన కట్టుబాటు. కుర్చీలో కూర్చున్నాక మోడల్ తన ముఖం తాను ముట్టుకోకూడదు. ముక్కు దురద పెట్టినా అసిస్టెంటుకి చెప్పాలి, అసిస్టెంటు వచ్చి దూది పుల్లతో గోకాలి. ఆ రోజు మధ్యాహ్నం నేను గోకిన ముక్కులకి లెక్క లేదు. పొడుగమ్మాయి అని అందరూ పిలిచే పిల్ల ఉంది, షోలో మొదట నడిచేది తనే. "సారీ ఆంటీ, ఎడమ వైపు... ఇంకాస్త పైన... అబ్బ!" అని నాకు చుక్కలు చూపించింది.

మధ్యాహ్నం దాటాక హాల్లో ఏసీ మొండికేసింది. పిల్లల నుదుటి మీద చెమట మొదలైంది. ముందు రోజు రిహార్సల్లో వాడిన పౌడరు చెమటకి నిలవదని అక్కకి అర్థమైంది. పెట్టెలో ఒక కొత్త పౌడరు ఉంది. తెల్లగా, పొగలా తేలిగ్గా, ముఖం మీద పడితే మాయమైపోయేది. చెమటని పీల్చేస్తుందని ఆర్టిస్టులంతా పొగిడే రకం. అక్క దాన్ని పొడుగమ్మాయి ముఖం మీద అద్దింది. అద్దం ముందు బల్బుల వెలుతురులో చూసింది. గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూసింది. రెండు చోట్లా చర్మం పట్టులా ఉంది. "వేసెయ్యండి" అంది. ఇరవై రెండు ముఖాలకీ వేసేశారు. ఐదింటికల్లా పని అయిపోయింది. షో ఆరింటికి. గంట ముందే హెడ్డు చేతులు కడుక్కోవడం తామెప్పుడూ వినలేదని అసిస్టెంట్లు మురిసిపోయారు. అక్క ఓ కుర్చీలో కూలబడి నా చేతిలోంచి కాఫీ లాక్కుని తాగింది. ఆ పన్నెండేళ్లలో ఆమె ముఖంలో అంత నిశ్చింత నేను చూడలేదు.

దాన్ని చెడగొట్టింది నేనే. మా అమ్మాయి పొద్దున్నుంచీ ఫోన్‌లో ప్రాణం తీస్తోంది, పొడుగమ్మాయి ఫొటో ఒకటి పంపమని. ఆ పిల్లని తెర వెనక నడవలోకి తీసుకెళ్లాను. అక్కడ చీకటిగా ఉందని ఫ్లాష్ వెలిగించి తీశాను. ఫొటో చూసుకున్నాను. కళ్ల కింద, ముక్కు మీద, గడ్డం మీద తెల్లటి మచ్చలు. పిండి బస్తాలో తలపెట్టి తీసినట్టుంది ముఖం. తలెత్తి పిల్లని చూస్తే ఏమీ లేదు, చందమామలా ఉంది. మళ్లీ తీశాను. మళ్లీ పిండి.

డబ్బా వెనక రాసింది చదివితే నాకు విషయం తెలిసిపోయింది. అది సిలికా. మాత్రల తయారీలో మాకూ తెలిసిన సరుకే. మామూలు వెలుతురులో కంటికి ఆనదు, ఫ్లాష్ మీద పడితే దాన్నంతా తిప్పికొడుతుంది. ఎండ, దీపం రెండూ చూసిన అక్క మూడో వెలుతురు చూడలేదు. ర్యాంప్ చివర ముప్పై మంది ఫొటోగ్రాఫర్లు ఆ మూడో వెలుతురే పట్టుకుని కూర్చున్నారు.

ఫోన్ తెచ్చి అక్కకి చూపించాను. కాఫీ కప్పు నెమ్మదిగా కింద పెట్టింది. టైము ఐదూ పది.

ఒక అసిస్టెంటు అంది, "పౌడరు కంపెనీదే తప్పని చెప్దాం మేడమ్." రెండో అమ్మాయి అసలేమీ చెప్పొద్దంది. ఇక్కడ నా సిగ్గుమాలిన మాట కూడా రాయాలి. "ఫొటోలు కంప్యూటర్లో దిద్దుకుంటారులే అక్కా. ఎవరికీ తెలీదు, నోరు మూసుకో" అన్నాను నేను.

అక్క నా వంక చూసింది. కోపంగా కూడా చూడలేదు. "ముప్పై కెమెరాలే చెల్లీ. ఎవడు దిద్దుతాడు, ఎవడు దిద్దడు? రేపు పేపర్లో పిండి ముఖంతో పడేది నేను కాదు, ఈ పిల్లలు. ముఖం మీదే కదా వాళ్ల బతుకు" అంది. అని లేచి, తిన్నగా షో మేడమ్ దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

మేడమ్ తెర పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది. అక్క మధ్యలోకి వెళ్లి చెప్పేసింది.

"మేడమ్, నేనొక తప్పు చేశాను. పౌడరు ఫ్లాష్‌లో తెల్లగా కొడుతోంది. ఇరవై రెండు ముఖాలూ సరిచెయ్యాలి. ఓ అరగంట ఆలస్యంగా మొదలుపెట్టండి."

మేడమ్ ముఖం మాడిపోయింది. "ఒక్క నిమిషం కూడా కుదరదు. హాలు నిండిపోయింది. ఆరింటికి తెర లేస్తుంది. మీరేం చేస్తారో నాకు తెలీదు." రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. "రేపు ఫొటోలు చూశాక మాట్లాడదాం."

అంటే నలభై అయిదు నిమిషాలు. ముఖం కడిగి మొదట్నుంచీ వెయ్యాలంటే ఒక్కొక్కరికి అరగంట. చేతులు మూడు జతలు, నన్ను కలుపుకుంటే మూడున్నర. లెక్క ఎలా వేసినా పుట్టి మునిగినట్టే. అక్క పొడుగమ్మాయిని కూర్చోబెట్టి, పొడి బ్రష్‌తో పైపై పౌడరు దులిపింది. మీద నీటి స్ప్రే కొట్టింది. స్పాంజి తడిపి గట్టిగా పిండి, దాని మీద ఒక చుక్క నూనె, ఒక చుక్క ఫౌండేషన్ కలిపి, కళ్ల కింద, ముక్కు మీద, గడ్డం మీద అద్దింది. రుద్దలేదు, ఒత్తి తీసింది, అంతే. "ఇప్పుడు తియ్యి" అంది నాతో. ఫ్లాష్ కొట్టాను. తెలుపు లేదు. చర్మం తడిగా, అప్పుడే వానలోంచి ఇంట్లోకి వచ్చిన పిల్ల ముఖంలా ఉంది. ఒక్క ముఖానికి ఆరు నిమిషాలు పట్టింది. ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి.

అప్పుడు అక్క గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది.

"అందరూ కుర్చీలు తిప్పండి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకళ్ల ముఖం ఇంకొకళ్లు చెయ్యాలి. నేను చేసింది చూశారుగా."

ఎవరూ కదలలేదు. ఏళ్ల తరబడి చేతులు ఒళ్లో పెట్టుకున్న పిల్లలు. పొడుగమ్మాయి బిక్కముఖం వేసింది. "మేడమ్... మేం ముట్టుకోవచ్చా?"

"ముట్టుకో తల్లీ. ఆ ముఖం నీది, నాది కాదు. నీ చర్మం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. పదకొండు జతలు. స్పాంజీలు నేను పంచాను, ఒక్కొక్కరికి ఒక్కోటి. ఒకరిది ఇంకొకరు వాడితే ఊరుకోనని అరిచాను కూడా. షాపులో అలవాటు, ఎక్కడికి పోతుంది? స్ప్రే సీసాలు రెండే ఉన్నాయి. ఎదురుగా ఉన్న మందుల షాపుకు ఒక్క పరుగు తీసి, రోజ్ వాటరూ ఖాళీ స్ప్రే సీసాలూ ఉన్నన్ని పట్టుకొచ్చాను. "ఎవరికైనా కాలిందా అమ్మా?" అని నా పరుగు చూసి షాపాయన కంగారుపడ్డాడు. "ఇంకా కాలలేదు" అని చెప్పి వచ్చేశాను.

గదిలోకి వచ్చేసరికి నేను చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఇరవై ఇద్దరు ఆడపిల్లలు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఒకళ్ల గడ్డం ఒకళ్లు పట్టుకుని, ఊపిరి బిగబట్టి అద్దుతున్నారు. కాసేపటికి కబుర్లు మొదలయ్యాయి. "నీ ముక్కు పక్కన నాకంటే ఎరుపెక్కువ", "ఇక్కడ ఫౌండేషన్ వద్దు, నూనె చాలు", "కదలకే!" అంటూ. అక్క ఒక జత నుంచి ఇంకో జతకి తిరుగుతూ, చుక్కలో రంగు సరిచేస్తూ, "ఒత్తు, రుద్దకు, ఒత్తు" అంటోంది. నేను ఆమె వెనక ఫోన్ పట్టుకుని ప్రతి ముఖం మీదా ఫ్లాష్ కొడుతున్నాను. తెల్లగా వస్తే "మళ్లీ!", రాకపోతే "పాస్!" బళ్లో టీచర్లా ఉన్నాను. పాస్ అయిన పిల్లలు అరుస్తున్నారు. ఆరింటికి నాలుగు నిమిషాలుందనగా ఇరవై రెండో ముఖం పాసైంది.

తెర లేచింది. నేను పక్క సందులోంచి చూశాను. పొడుగమ్మాయి నడుచుకుంటూ ర్యాంప్ చివరికి వెళ్లి నిలబడింది. ముప్పై ఫ్లాష్‌లు ఒక్కసారి వెలిగాయి. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్లు దిగిన గుర్తులు రెండు రోజులున్నాయి. ఆ పిల్ల తిరిగి లోపలికి వస్తూ తన చెంప తానే ముట్టుకుని చూసుకుంది. నవ్వింది. షో అంతా అయ్యాక మేడమ్ మాత్రం మా వైపు చూడకుండా అతిథుల్లోకి వెళ్లిపోయింది. మేం పెట్టెలు సర్దుకుని ఇంటికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున మావయ్య పేపరు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. మధ్య పేజీలో సగం మేర పొడుగమ్మాయి ముఖం. కింద 'ఈ సీజన్ ముఖం తడిసింది' అని ఏదో రాశారు. ఆయన భూతద్దం తెప్పించుకున్నారు. అక్షరాల అంచులు చూసే పాత అద్దం అది. నుదురు చూశారు, కళ్ల కింద చూశారు, ముక్కు పక్కన చాలాసేపు ఆగారు. అక్క లోపల గిన్నెలు తోముతోంది, చప్పుడు లేకుండా తోముతోంది.

"ఏమ్మా," అన్నారు మావయ్య నాతో, "పూత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో దొరకట్లేదే నాకు. అంచే లేదు. నలభై ఏళ్లలో నేనొక్క బోర్డు కూడా ఇలా రాయలేదు."

లోపల గిన్నె ఒకటి చేతిలోంచి జారింది.

అదే సమయానికి గుమ్మం దగ్గర ఛార్జింగులో ఉన్న అక్క ఫోన్ మోగింది. ఆమె చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. నేను అందుకునేలోపే మావయ్య తీశారు.

"ఎవరండీ? ఆ... ఆవిడ మావగార్నే. తను పనిలో ఉంది. ఏం కావాలి మీకు?" కాసేపు విన్నారు. "వచ్చే సీజనా? సరే. హెడ్డుగానా, అసిస్టెంటుగానా? ముందది చెప్పండి." మళ్లీ విన్నారు. నేనూ, నురగ చేతులతోనే బయటికి వచ్చిన అక్కా గుడ్లప్పగించి చూస్తున్నాం. "నాలుగూనా? ఆ, ఆ... మీరు 'అదరగొట్టింది' అంటే సరిపోదు, చూడండి, నేను భూతద్దం పెట్టి చూసి చెప్తున్నా, మా కోడలంత పనిమంతురాలు ఈ చుట్టుపక్కల లేదు. మీ హాలు గుమ్మానికి ఆమె పేరుతో బోర్డు రాయించాలంటే మాత్రం నన్నడగండి. నేనింకా బతికే ఉన్నా."

అని ఫోన్ పక్కకి దించి, భుజం మీద తువ్వాలు తీసి అక్క చేతులు ఆయనే తుడిచారు. ఒక్కో వేలూ తుడిచారు. అక్క కళ్లలో నీళ్లు నిండిపోయి చెంపల మీదికి దిగాయి, తుడుచుకోలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. గొంతు సర్దుకుంది.

"హలో, హెడ్ మేకప్ ఆర్టిస్టుని మాట్లాడుతున్నా" అంది.